మూసియుండవలసిన తలుపు

తెరచియున్న వాకిలి మన ప్రాంతమున మర్యాదకు గుర్తు. తెల్లవారుజామున దర్వాజ తీసి, వాకిట సానుపు చల్లి, ముగ్గు పెట్టిన పిమ్మట రాత్రి భోజనములగువరకు ఆ తలుపు మూయని ఇండ్లు కరీంనగరు, జగిత్యాల, నిర్మల్ పల్లెలలో నేటికిని కలవు. పట్టపగలు తలుపు వేసియున్న ఇంటిని చూచి ఇరుగుపొరుగువారు ఊరకుండరు, "ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని పలుకరించి పోదురు. ఇట్టి అలవాటు గల మనకు, ఎల్లప్పుడును మూసియే ఉండవలసిన తలుపులు కొన్ని కలవనియు, వానిని తెరచి ఉంచుట ప్రాణాపాయమనియు చెప్పినచో వింతగా తోచవచ్చును. కాని ఆ సంగతిని ఏ పుస్తకమును చదువకయే ఎరిగిన కుటుంబములు గోదావరి ఇరుగట్టులందును వేలకొలది కలవు. వారు బొగ్గుబాయి పనివారు.

1889లో ఇల్లందులో మొదలైన సింగరేణి బొగ్గు త్రవ్వకము కాలక్రమమున గోదావరి లోయ వెంబడి ఉత్తరమునకు సాగినది. నదికి ఉత్తరపు గట్టున బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపురములను, దక్షిణపు గట్టున గోదావరిఖని, రామగుండములను అది బొగ్గు పట్టణములుగా చేసినది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరుగువరకు మొదటివి ఆదిలాబాదు జిల్లాలోనివి, తక్కినవి కరీంనగరు జిల్లాలోనివి. ఇప్పుడవి మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలకు చెందినవి. నేడు ఉపరితలపు గనులు పెరిగి భూగర్భ గనులు తగ్గినవి. అయినను బాయి దిగి బ్రతికి బయటికి వచ్చినవారు ఆ ఊళ్లలో వీధికి పదిమంది ఉందురు. నేటి మా ప్రసంగమునకు వారే ఆధారము.

భూగర్భ గనిలో గాలికి రెండు దారులుండును. ఒక దారిన మంచిగాలి లోనికి పోవును. మరియొక దారిన వాడినగాలి వెలికి వచ్చును. ఈ రెండవ దారి నోట పెద్ద ఫ్యానును అమర్చి గాలిని లాగుదురు. లోనికి వచ్చిన గాలి గనియంతయు తిరిగి, బొగ్గు తీయు చోట్లను తాకి, అక్కడి మీథేను వాయువును, మందుగుండు పొగను, ధూళిని, ఉక్కను మోసికొని బయటపడవలెను. పనిచేయు మనిషి ఒక్కొక్కనికి నిమిషమునకు 6 ఘనమీటర్లు, లేదా దినమునకు తీయు బొగ్గులో టన్ను ఒక్కొక్కదానికి నిమిషమునకు 2.5 ఘనమీటర్లు, ఈ రెంటిలో ఏది ఎక్కువయైన అంత గాలి తక్కువ గాకుండ అందవలెనని మన బొగ్గుగనుల నిబంధనలు విధించినవి.

కాని గాలి సోమరి. దగ్గరి దారి దొరికినచో దూరపు దారిన పోదు. మంచిగాలి దారికిని వాడినగాలి దారికిని నడుమ మనుషులు, టబ్బులు పోవుటకు అడ్డదారులు ఉండక తప్పదు. ఆ అడ్డదారి తెరచియున్నచో, లోనికి వచ్చిన గాలి పనిస్థలము వైపు పోనే పోదు. అటునుండి అటే ఫ్యాను వద్దకు పోవును. ఫ్యాను తిరుగుచునే ఉండును. దాని మ్రోత పైనున్నవారికి వినబడుచునే ఉండును. లోలోపల బొగ్గు తీయువారికి మాత్రము ఊపిరాడదు. అందుచేతనే ఆ అడ్డదారులలో తలుపులు పెట్టుదురు. బాయి పనివారు వీనిని ఎయిర్ డోర్లందురు.

1957నాటి బొగ్గుగనుల నిబంధనలు ఈ తలుపులను గూర్చి చెప్పిన మాటలు వినదగినవి. 2017లో వాని స్థానమున క్రొత్తవి వచ్చినను భావమిదియే. ముఖ్యమైన రెండు గాలిదారుల నడుమ ఒక్క తలుపు చాలదు, రెండైనను ఉండవలెను. ఒకటి తెరచినప్పుడు రెండవది మూసియుండునంత ఎడమున వానిని నిలుపవలెను. ప్రతి తలుపును తనంత తానే మూసికొనునదై ఉండవలెను. దానికి ఊత పెట్టి తెరచి ఉంచరాదు. ఇక చివరిదొకటి కలదు: వాడుకలో లేని తలుపును కీళ్లనుండి ఊడదీసి, గాలికి అడ్డుగాని చోట పెట్టవలెను.

ఈ చివరి నియమము మాకు మిక్కిలి నచ్చినది. పని లేని తలుపును అట్లే వ్రేలాడనిచ్చినచో నష్టమేమి అని మనము అడుగుదుము. నష్టము కలదు. చూచువాడు అక్కడ తలుపు కలదు గదా అని నమ్ముకొనును. పని చేయని తలుపు, తలుపు లేని ఖాళీకంటె చెడ్డది. ఖాళీని చూచి మనిషి జాగ్రత్తపడును, తలుపును చూచి నిశ్చింతగా నిద్రపోవును.

తనంత తానే మూసికొను తలుపును గనిలో ఎట్లు చేయుదురో అదియును చెప్పెదము. తలుపు రెక్కను గాలికి ఎదురుగా తెరచుకొనునట్లు అమర్చుదురు. వదలిన వెంటనే గాలియే దానిని నెట్టి మూయును. ద్వారబంధమును కొంచెము వాల్చి నిలుపుదురు. అందుచే రెక్క తన బరువునకు తానే మూతపడును. విద్యుత్తు లేదు, యంత్రము లేదు. మొదటి తలుపు మూతపడక రెండవ తలుపు జోలికి పోరాదని క్రొత్తగా బాయిలో చేరినవానికి మొదటి దినముననే చెప్పుదురు.

ఒకప్పుడు ఇంగ్లండు గనులలో ఈ తలుపులను తీసి మూయు పనికి పసిబిడ్డలను పెట్టెడివారు. ఆరేడేండ్ల బాలుడు కటిక చీకటిలో తలుపు ప్రక్కన త్రాడు పట్టుకొని దినమెల్ల కూర్చుండవలెను. బండి వచ్చినప్పుడు త్రాడు లాగవలెను, పోయిన వెంటనే వదలవలెను. 1842లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టము స్త్రీలను, బాలికలను, పదియేండ్లలోపు బాలురను భూగర్భపు పనినుండి తొలగించినది. వందలమంది ప్రాణములను నిద్రముంచుకొని వచ్చు ఒక పసివాని చేతిలో పెట్టిన ఆ కాలమును తలచుకొన్న ఒడలు జలదరించును. మనుషుని జ్ఞాపకముపై ఆధారపడని తలుపు కావలెనన్న తెలివి అట్టి అనుభవములనుండి వచ్చినదే.

గనులు నేర్పిన రెండవ పాఠము పొగను గూర్చినది. గనులలో ప్రేలుడు జరిగినప్పుడు జనులు మంటచేతను దెబ్బలచేతను చనిపోవుదురని చాలకాలము నమ్మిరి. 1896లో జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు మృతదేహములను పరీక్షించి, చనిపోయినవారిలో అధికసంఖ్యాకులను చంపినది ప్రేలుడు కాదనియు, దాని తరువాత వ్యాపించిన వాయువులోని కార్బను మోనాక్సైడు అనియు బ్రిటిషు ప్రభుత్వమునకు నివేదించెను. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హీమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె దీనిని 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. పీల్చినవానికి మొదట తలనొప్పి, తరువాత తూలుడు, ఆ పిమ్మట కాళ్లు స్వాధీనము తప్పుట. తప్పించుకొనవలెనన్న బుద్ధి ఉండగనే లేచు శక్తి పోవును. మనిషికంటె ముందుగా సొమ్మసిల్లు చిన్న పక్షులను గనిలోనికి తీసికొనిపోవు పద్ధతి హాల్డేన్ సూచించినదే. నేటి గని కార్మికుడు నడుముకు కట్టుకొను సెల్ఫ్ రెస్క్యూయరు డబ్బా ఆ వాయువునుండి కాపాడుటకే.

ఇక గనినుండి పైకి వత్తము. గని చీకటిలో జరుగునది మేడలలో జరుగదని తలచువారు ఈ నాలుగైదేండ్ల వార్తలను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 2020 ఆగస్టు 20వ తేది రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున నిప్పు పుట్టి, సొరంగము పొగతో నిండి, తొమ్మిదిమంది మరణించిరి. అది భూమిలోపలి చోటు, సరే. 2022 సెప్టెంబరు 12వ తేది రాత్రి సికింద్రాబాదులో ఒక లాడ్జి క్రింది భాగమున నున్న విద్యుత్ స్కూటర్ల దుకాణమున నిప్పంటుకొనినది. స్కూటర్లు కాలినది క్రింద. ఎనిమిదిమంది చనిపోయినది పై లాడ్జిలో. పొగ మెట్లదారిని పట్టుకొని పైకి పోయినది. 2023 మార్చి 16న అదే నగరమున స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీయువకులు పొగలో చిక్కి ఊపిరాడక పోయిరి. ఉపాధికై జిల్లాలనుండి నగరమునకు వచ్చిన బిడ్డలు వారు. 2025 మే 18న పాతనగరపు గుల్జార్ హౌజు వద్ద, క్రింద దుకాణములు, పైన కాపురము గల ఇంట 17మంది మరణించిరి; అందులో పసిపిల్లలు కూడ కలరు. ఆ ఇంటికి రాకపోకల దారి ఇరుకైనది ఒక్కటే.

ఈ ఘటనలన్నిటికి కారణము ఒక్కటే అని మేము చెప్పబోము. ఒకచోట బ్యాటరీ, ఒకచోట తీగలు, ఒకచోట చాలని దారి. కాని పొగ నడచిన త్రోవ మాత్రము అన్నింటను ఒక్క తీరుననే ఉన్నది. మంట పుట్టినచోటనే ఉండగా పొగ ముందు నడచి, మనుషులు పారిపోవలసిన దారినే మొదట ఆక్రమించినది.

మన తాతల ఇండ్లకు ఈ చిక్కు అంతగా లేదు. తెలంగాణపు పాత భవంతి ఇంట నడుమ వాన పడు తెరపి ఉండెను. వంటింట పొగ లేచినను, దూలము అంటుకొనినను, వేడిపొగ ఆ తెరపినుండి ఆకసమునకు పోయెడిది. ఇంటివారు వాకిట నిలిచి బిందెలతో నీళ్లు పోసెడివారు. ఉట్నూరు, ఆసిఫాబాదు అడవిపల్లెల గడ్డి ఇండ్ల కథ వేరు. అక్కడ ఎండకాలమున నిప్పు పైకప్పునుండి పైకప్పునకు దుముకును. తలుపులు చేయగలిగినదేమియు లేదు, ప్రక్క ఇంటి గడ్డి లాగివేయుటయే ఉపాయము. నేటి సిమెంటు మేడ ఈ రెండింటికిని భిన్నమైనది. దానికి తెరపి లేదు. అన్ని అంతస్తులను కలుపు మెట్లదారి ఉన్నది. ఆ మెట్లదారి పొగకు అచ్చముగ పొగగొట్టము. దాని అడుగున మనము ఏమి పెట్టితిమి? కరెంటు మీటర్లన్నియు అక్కడనే. మోటారుసైకిళ్లు అక్కడనే. ఇప్పుడు క్రొత్తగా చార్జింగు పెట్టిన విద్యుత్ స్కూటరు కూడ అక్కడనే. పొయ్యిని పొగగొట్టము క్రింద ఎంత ఒద్దికగా అమర్చుదురో అంత ఒద్దికగా అమర్చితిమి.

ఇట్టి మేడలలో మెట్లదారికిని, లిఫ్టు ముంగిలికిని, పొగను ఆపు తలుపు ఉండవలెనని 2016నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్పుచున్నది. దీనిని అందరును ఫైర్ డోరనియే అందురు. 120 నిమిషములు అగ్నికి ఓర్చునదై ఉండవలెను. చూచుటకు సామాన్యమైన రేకు తలుపువలెనే ఉండును. రెక్క లోపల వేడిమిని తొందరగ పోనీయని పదార్థమును దట్టించియుందురు. అంచు వెంబడి సన్నని పట్టీ ఉండును. వేడి తగిలిన అది ఉబ్బి సందులను పూడ్చివేయును. వేడి ఇంకను రాని చల్లపొగను ఆపుటకు వేరుగ మెత్తని రబ్బరు పట్టీ గాని కుచ్చు పట్టీ గాని కావలెను. చూచుటకు పెట్టిన గాజుపలక కూడ మంటకు ఓర్చు గాజై ఉండవలెను. తలపై డోర్ క్లోజరు. ఇది తలుపును మెల్లగ లాగి, గొళ్లెము నాలుక గాడిలో పడువరకు మూయును. ఈ తలుపులకు మన దేశమున ఐ.ఎస్. 3614 అను ప్రమాణము కలదు.

అయితే ఆ 120 నిమిషములు మూసిన తలుపునకు చెప్పిన లెక్క. ఇటుక పెట్టి తెరచియుంచిన తలుపు ఒక్క నిమిషమైనను నిలువదు.

ఇటుక అనుట ఊరక అనలేదు. ఆసుపత్రులకు, లాడ్జీలకు, అపార్టుమెంట్లకు పోయినప్పుడు మెట్లదారి తలుపును చూచుట మాకు ఒక అలవాటైపోయినది. కొన్నిచోట్ల ఇటుక. కొన్నిచోట్ల కొబ్బరిత్రాడుతో మెట్ల కడ్డీకి కట్టివేత. మరికొన్నిచోట్ల కాగితమును మడచి గొళ్లెపు గాడిలో కుక్కుట. క్లోజరు కర్రను ఊడదీసి ద్వారబంధముపైననే విడిచిన తలుపును చూచితిమి. ఇంటర్నెట్టు తీగ పోవుటకు నడుమ బెజ్జము వేసిన తలుపును చూచితిమి. ఒక మేడలో ఎర్రని అక్షరములతో మూసి ఉంచవలెనని వ్రాసిన పలక క్రిందనే పూలకుండీ ఊతగా ఉన్నది. ఆ కుండీకి ఎవరో రోజును నీళ్లు పోయుచున్నారు గూడ, మొక్క పచ్చగ ఉన్నది.

వీరు దుష్టులు కారు. తలుపు బరువు, ముసలమ్మకు త్రోయరాదు. రాత్రివేళ ధడేలుమని కొట్టుకొని పసిపిల్ల లేచును. మూసినచో మెట్లపై చీకటి, ఉక్క. నీళ్ల క్యాను మోయువాడు రెండు చేతులు ఖాళీ లేక మోకాలితో తన్నవలసి వచ్చును. ఆసుపత్రిలో స్ట్రెచరు గంటకు పదిసార్లు పోవును. ఈ బాధలన్నియు నిజమైనవే. తలుపు మూయుడని గోడపై వ్రాసినంత మాత్రమున ఇవి తీరవు. బాధను తీర్చిన తలుపు మూతపడియుండును; తీర్చని తలుపు క్రిందికి ఇటుక ఎట్లైనను వచ్చును. ధడేలుమనుట క్లోజరు తప్పు, తలుపు తప్పు కాదు. దానికుండు చిన్న మరను త్రిప్పి వేగము తగ్గించుట పది నిమిషముల పని. నూనె కారిపోయిన క్లోజరును మార్చుటకగు ఖర్చు మేడలోని ఇండ్లన్నియు పంచుకొన్న లెక్కలోనికి రానిది. చీకటికి దీపము పెట్టవలెను గాని తలుపు తీయరాదు.

స్ట్రెచర్లు పోవు వరండాలకు వేరొక ఉపాయము కలదు. తలుపును గోడవైపు విద్యుదయస్కాంతము పట్టి ఉంచును. పొగ కనిపెట్టు యంత్రము మ్రోగిన వెంటనే, లేదా కరెంటు పోయిన వెంటనే, అయస్కాంతము పట్టు విడుచును, తలుపు మూతపడును. పగలెల్ల తెరచియుండియు ఆపదలో మూతపడు తలుపు కావలసినవారు కొనవలసినది దీనిని, ఇటుకను కాదు. ఈ ఆలోచన క్రొత్తది గాదు. వెనుకటి నూలు మిల్లులలో, గిడ్డంగులలో ఇనుప తలుపును ఏటవాలు పట్టాపై నిలిపి, సుమారు 70 డిగ్రీల వేడికి కరగు లోహపు తునుకతో కట్టియుంచెడివారు. నిప్పు పుట్టిన తునుక కరగి తలుపు జారి మూసికొనును. ఆదిలాబాదు పత్తి గిడ్డంగులవారికిని, సిరిసిల్ల మగ్గాల షెడ్లవారికిని ఇది పనికివచ్చు ఏర్పాటు. పత్తి బేలు లోపల దాగిన నిప్పు దినముల తరబడి పైకి కనబడక రగులుచుండును గదా. అయితే ఆ పట్టాకు అడ్డముగ బేళ్లు పేర్చరాదు. పేర్చుదురు. తలుపు జారివచ్చి బేలుకు తగిలి అక్కడనే ఆగిపోవును.

ఎత్తైన మేడలలో మరియొకటి చూడవలసియున్నది. అది చూచినప్పుడు బాయి మనిషికి తన గని జ్ఞాపకము రాక మానదు. అక్కడ మెట్లదారిలోనికి ఫ్యాను పెట్టి గాలిని నింపుదురు. బయటికంటె సుమారు 50 పాస్కలుల ఒత్తిడి ఎక్కువగ ఉంచుటచే పొగ లోనికి చొరబడజాలదు. గనిలో లాగుట, ఇక్కడ నింపుట, అంతే భేదము. రెండు మూడు అంతస్తులలో తలుపులు తెరచియున్నచో ఆ ఒత్తిడి నిలువదు. ఫ్యాను మ్రోత మాత్రము వినబడుచునే ఉండును.

ఇక్కడ ఒక భేదమును గట్టిగ చెప్పవలసియున్నది. మూసిన తలుపు వేరు, తాళము వేసిన తలుపు వేరు. 1911 మార్చి 25న న్యూయార్కు నగరమున ఒక దుస్తుల కర్మాగారమునకు నిప్పంటుకొనినప్పుడు 146మంది మరణించిరి. పనివారు పోవలసిన తలుపునకు తాళము వేసియుండిరి. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో ట్రాన్స్‌ఫార్మరునుండి వచ్చిన పొగ బాల్కనీని నింపి 59మందిని బలిగొన్నది. బాల్కనీనుండి పోవు దారులు మూసుకొనిపోయియుండెను. పొగను ఆపు తలుపు మనిషిని ఆపరాదు. తాళపుచెవి లేకయే, చీకటిలో ఒక్క త్రోపుతో తెరచుకొనవలెను, వెనుక తానే మూసికొనవలెను. దొంగల భయమున మెట్లదారి తలుపునకు రాత్రి తాళము వేయు మేడలు మన పట్టణములలో కలవు. దొంగ బయటినుండి రాకుండ ఆపి లోపలివారిని పోనిచ్చు అడ్డుకడ్డీ తలుపులు నూరేండ్లకు పైబడి దొరకుచున్నవి. 1903లో షికాగో నగరపు ఇరాక్వా నాటకశాల అగ్నిప్రమాదమున 600మందికి పైగ చనిపోయిన తరువాత అక్కడ అట్టివానిని రూపొందించిరి.

తలుపులు పెట్టిన మాత్రమున చాలదనుటకు లండను నగరపు గ్రెన్‌ఫెల్ మేడ పెద్ద ఉదాహరణము. 2017 జూన్ 14న 72మంది మరణించిరి. గోడల వెలుపలి పూతపలకలు మంటను ప్రాకించినవి. ఆ సంగతి అందరును విన్నదే. విచారణలో తేలిన మరియొక సంగతి అంతగా ప్రచారము పొందలేదు. ఇండ్ల ముంగిటి తలుపులలో పెక్కింటికి తమంత తాము మూసికొను సాధనములు లేవు, లేదా పాడైయున్నవి. పారిపోవువారు తలుపు వెనుకకు చూడక పరుగెత్తిరి, ఎవరు చూతురు? తలుపులు తెరచియే ఉండి పొగ నడవలను, నడవలనుండి మెట్లను నింపినది. ఆ తరువాత ఇంగ్లండులో 11 మీటర్లకు మించిన నివాసపు మేడలలో ఉమ్మడి భాగముల తలుపులను మూడు మాసములకొకసారియు, ఇండ్ల ముంగిటి తలుపులను ఏడాదికొకసారియు పరీక్షించుట 2023 జనవరినుండి చట్టబద్ధమైనది.

మనకు అట్టి పరీక్ష చేయువారెవరు? తెలంగాణలో నివాసపు మేడ 18 మీటర్లు, వాణిజ్య భవనము 15 మీటర్లు ఎత్తునకు వచ్చిననే అగ్నిమాపక శాఖ అనుమతిపత్రము కావలెను; బడులు, సినిమాహాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి జనము చేరు చోట్లకు వేరు హద్దులు కలవు. కరీంనగరు, మంచిర్యాల, జగిత్యాల, ఆదిలాబాదులలో మనము చూచు మేడలలో చాల భాగము ఈ ఎత్తునకు లోబడినవే. క్రింద దుకాణము, పైన ఆసుపత్రి లేక కోచింగు కేంద్రము, దానిపైన కాపురములు గల నాలుగంతస్తుల మేడకు తలుపు చూడవచ్చు అధికారి రాకపోవచ్చును. అందుచే చూడవలసినవారు అందున్నవారే.

చూచుట కష్టమైన పని కాదు. తలుపును జానెడు తెరచి వదలుడు. తరువాత పూర్తిగ తెరచి వదలుడు. రెండు మారులును అది తానే వచ్చి, నాలుక గాడిలో పడి, టక్కుమని మూతపడవలెను. పడనిచో క్లోజరునో కీలునో బాగుచేయవలెను. ప్రక్కలను పైనను సందు రెండు రూపాయి బిళ్లలు చేర్చిన మందమునకు మించరాదు. అంచు పట్టీలపై రంగు పూసియుండరాదు; మేడకు క్రొత్త రంగు వేయుటకు వచ్చినవారు తలుపును, పట్టీని, క్లోజరును, పేరు రేకును కలిపి ఒక్కటే కుంచెతో పూసిపోవుట మనవాడుక. క్రొత్త బెజ్జములు లేవని చూడవలెను. నెలకొక దినమును నిర్ణయించి, సంఘము లెక్కల పుస్తకముననే ఒక వరుస వ్రాసి ఉంచినచో చాలును.

ఫైర్ డోరు లేని ఇండ్లవారు తమకేమి సంబంధమని అనుకొనరాదు. సామాన్యమైన కొయ్యతలుపు కూడ మూసియున్నచో విలువైన నిమిషములను ఇచ్చును. అమెరికాలోని అండర్‌రైటర్స్ లాబొరేటరీస్ సంస్థవారు నిజమైన ఇండ్లను తగులబెట్టి పరీక్షించి, తలుపు తెరచిన పడకగదిలో వేడి 1000 ఫారన్‌హీటు డిగ్రీలకు చేరగా, తలుపు మూసిన గదిలో అది 100 డిగ్రీల దరిదాపున ఉన్నదని చూపిరి. మన ఎండకాలపు రామగుండమే అంతకంటె వేడి. కావున రాత్రి పడకగది తలుపు చేరవేసి నిద్రించుట మేలు. పసిపిల్లల గది, ముసలివారి గది కూడ అంతే. పొగను కనిపెట్టి మ్రోగు చిన్న యంత్రము ఇంట ఉన్నచో తలుపు మూసినందున మెలకువ రాదను భయము లేదు. విద్యుత్ స్కూటరును మెట్ల క్రింద గాని, వాకిలికి అడ్డముగ గాని చార్జింగునకు పెట్టరాదు. ఆరుబయట గోడవార పెట్టుట మంచిది.

నిప్పు పుట్టినచో ఆ గదిలోనివారందరును బయటికి వచ్చి, వెనుక తలుపు లాగి మూయవలెను. సామాను కొరకు తిరిగి తెరువరాదు. ఇంటి బయట నడవలో పొగ నిండియున్నచో దానిలోనికి దుమికి పరుగెత్తుట కంటె తలుపు మూసికొని, తడిగుడ్డలను క్రింది సందున కుక్కి, వీధివైపు కిటికీ వద్ద నిలిచి 101కి గాని 112కి గాని ఫోను చేసి తామున్న అంతస్తు చెప్పుట చాలమారులు ప్రాణము నిలిపినది. పొగలో మనిషి పది అడుగులు నడువగలనని అనుకొనును. ఆ వాయువు కాళ్లను ముందుగ తీసికొనునని ఇంతకుముందు చెప్పియే యున్నాము. లిఫ్టును వాడరాదు.

సంఘములవారికి ఒక్క సూచన కలదు. నెలనెల తలుపులు చూచు పనిని వాచ్‌మన్‌పైననో, అద్దెకున్న కుర్రవానిపైననో వేయకుడు. గోదావరిఖనిలోను, మందమర్రిలోను, శ్రీరాంపురములోను దాదాపు ప్రతి మేడలోను బాయి పని చేసి రిటైరైన పెద్దమనిషి ఒకరు ఉందురు. ముప్పదియేండ్లు ఎయిర్ డోర్ల నడుమ నడచినవారు. సాయంకాలము వాకిట కుర్చీ వేసికొని కూర్చుండియుందురు. ఆయనను మర్యాదగ అడిగి, ఒక్కసారి మెట్లదారి చూపుడు. మీరు చెప్పకముందే ఆయన వంగి తలుపు క్రింది ఇటుకను తీసి ప్రక్కన పెట్టును.